అక్క తినని ఇడ్లీ, నేను మింగిన కెమెరా

ఆ ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాను. రొయ్యల ఇగురు, నాకు ప్రాణం. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయింది.

"ఏంటి మేరీ, వదిలేశావ్?" అన్నారు మా ఆయన.

"గ్యాస్ లెండి" అన్నాను. మా అక్క రోజమ్మ కూడా సరిగ్గా అదే మాట అనేది.

ముందు అక్క సంగతి చెప్పాలి. ఆమెది చల్లపల్లి. నేను గుణదలలో జాకెట్లు కుడతాను. మూడేళ్ల క్రితం అక్కకి ఇలాగే నాలుగు ముద్దలకి మించి దిగేది కాదు. విజయవాడలో డాక్టర్ గారు ఎండోస్కోపీ రాశారు. తోడుగా నేను వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుంటే లోపల ఎవరో డోక్కుంటున్న చప్పుడు వినిపించింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా వల్ల కాదే చిన్నీ. ఆ గొట్టం గొంతులో దిగితే చచ్చిపోతాను. ఏదో ఒకటి చెప్పి తప్పించవే."

ఇంతలో నర్సు వచ్చి "ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగింది. అక్క నా మొహంలోకి చూసింది. ఆ చూపుకి నా మనసు కరిగిపోయింది.

"పొద్దున్నే రెండిడ్లీలు తినేసిందండీ, ఆకలికి ఆగలేక" అన్నాను.

"అయ్యో, అయితే ఇవాళ కుదరదండీ. ఇంకో రోజు రండి."

మెట్లు దిగుతూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. నిజంగానే హోటల్లో కూర్చుని ఇడ్లీ తెప్పించుకున్నాం. అక్క ఒకటి తిని, రెండోది నా ప్లేట్లో వేసింది. తర్వాత మా గుణదల కొండెక్కి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి ఇంటికొచ్చాం.

ఆ ఇంకో రోజు రాలేదు. అడిగినప్పుడల్లా "గ్యాసేనే" అనేది. నేనూ సరేననేదాన్ని. ఏడాది తిరక్కుండానే అక్క పోయింది. కడుపులో క్యాన్సర్, కనిపెట్టేసరికే లివర్‌కి పాకింది. ఇడ్లీ సంగతి మా ఆయనకీ చెప్పలేదు, బావగారికీ చెప్పలేదు, పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. అదే ఆస్పత్రి, అదే డాక్టర్ గారు. అక్క పేరు చెప్పగానే ఆయన పెన్ను పక్కన పెట్టారు.

"ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చింది కాబట్టి మనం ఆగకూడదమ్మా. ఎండోస్కోపీ చేద్దాం."

"గొట్టం వద్దండీ" అన్నాను. గొంతు నాదే కానీ మాట అక్కదే అనిపించింది.

"పోనీ క్యాప్సూల్ ఉంది. మాత్రలా మింగుతారు, అందులో కెమెరా ఉంటుంది. బయటి నుంచి మాగ్నెట్‌తో నేను దాన్ని కడుపంతా తిప్పి చూస్తాను. కాకపోతే అది చూడటమే, పరీక్షకి ముక్క తియ్యలేదు. అనుమానం వస్తే గొట్టం తప్పదు." నేను మొదటి సగమే విన్నాను.

పరీక్ష రోజు ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. గొలుసు, గాజులు అన్నీ తీసిచ్చాను. అయినా లోహాన్ని పట్టే మెషీన్ కూసింది. భుజం మీద రెండు పిన్నీసులు, కుట్టుపని అలవాటు కొద్దీ గుచ్చుకున్నవి. "ఇంకెన్ని దాచారండీ?" అని నర్సు నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

కడుపు నిండా నీళ్లు తాగించి, క్యాప్సూల్ మింగించి, పెద్ద మాగ్నెట్ కింద పడుకోబెట్టారు. డాక్టర్ గారు అద్దం అవతలి గదిలో కూర్చుని జాయ్‌స్టిక్ తిప్పుతున్నారు. "ఎడమ పక్కకి తిరగండమ్మా" అని మైకులో ఆయన గొంతు వినిపిస్తోంది. లోపల ఒక వస్తువు తిరుగుతున్నా నాకేమీ తెలియడం లేదు. అందుకే ఇంకా భయమేసింది. పక్కనున్న స్క్రీన్ మీద గులాబీ రంగు మడతలు, నీళ్లు, వెలుగు. అక్క కడుపు కూడా ఇలాగే ఉండేదేమో, ఎవరూ చూడలేదు, నేనే చూడనివ్వలేదు అనుకుంటూ పడుకున్నాను. ఒక చోట కెమెరా ఆగింది. ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి అక్కడే ఆగింది.

"చిన్న ఎర్ర ప్యాచ్ ఉందమ్మా" అన్నారు తర్వాత. "బయాప్సీకి ముక్క తియ్యాలి. దానికి గొట్టమే వెయ్యాలి."

క్యాప్సూల్ బయటికి పోయిన వారానికి మళ్లీ అదే బెంచీ మీద కూర్చున్నాను. ఒక పక్క మా ఆయన. రెండో పక్క ఖాళీ. కానీ అటు తల తిప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. లోపల ఎవరో డోక్కుంటున్నారు. నర్సు వచ్చి "ఏమైనా తిన్నారా అమ్మా?" అంది.

రెండిడ్లీలు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నట్టే ఉంది.

"లేదండీ. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు" అన్నాను.

గొంతులో చేదు స్ప్రే కొట్టారు. గొట్టం దిగింది. డోకొచ్చింది, కళ్లమ్మట నీళ్లు కారాయి, నర్సు వీపు నిమిరింది. "అయిపోయిందమ్మా" అన్నారు. గడియారం చూస్తే పది నిమిషాలు కూడా కాలేదు.

"ఇంతేనా సిస్టర్?" అన్నాను. "ఇంతేనా?" బెడ్ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి అనుకుని పాపం ఆ అమ్మాయి కంగారుపడింది.

రిపోర్టులో క్యాన్సర్ అనే వచ్చింది. "ఎర్లీ స్టేజ్. పై పొరలోనే ఉంది, గొట్టంలోంచే తీసేస్తాం" అన్నారు. తీసేశారు. మూడో రోజున మలం నల్లగా అయింది, కళ్లు తిరిగి పడిపోయాను. బ్లీడింగ్ అని మళ్లీ అడ్మిట్ చేసి, గొట్టం వేసి రక్తం కారేచోట క్లిప్ పెట్టారు. తర్వాత రెండు వారాలు, కడుపులో చేరి క్యాన్సర్ తెచ్చే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా పోవడానికి యాంటీబయాటిక్స్ మింగాను. నోరంతా చేదు.

కోలుకున్నాక చల్లపల్లి వెళ్లి బావగారికి ఇడ్లీ సంగతి చెప్పాను. ఆయన లేచి వెళ్లి పొయ్యి మీద పాలు పెట్టారు. "కాఫీ తాగి వెళ్లమ్మా" అన్నారు. అంతే. ఇప్పటికీ ఫోన్ చేసి నా ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. ఆ మాట మాత్రం ఎత్తరు.

ఇప్పుడు కుట్టుమిషను తొక్కుతున్నాను, కొంచెం కొంచెంగా తింటున్నాను. చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆ బెంచీ మీద రెండో పక్క చోటు వదిలే కూర్చుంటాను. క్యాప్సూల్ మంచిదే, నా ప్యాచ్‌ని పట్టుకుంది అదే. అయితే నేను చెప్పాలనుకున్నది రోగులకి కాదు, వాళ్లకి తోడు వెళ్లేవాళ్లకి. ఏమైనా తిన్నారా అని నర్సు అడిగినప్పుడు, పక్కనున్న మనిషి మీ వంక ఎంత దీనంగా చూసినా సరే, నిజమే చెప్పండి.