జగ్గమ్మ విస్తట్లో చుట్ట

దాలమ్మ చుట్ట మానేసిందంటే, బెంగాలీల ఊళ్ళో ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్ తెలుగు బస్తీలో ఒక్కరూ నమ్మలేదు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. కూర్మయ్యని చేసుకుని శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చిన నాటి నుంచీ ఆమె నోట్లో చుట్ట లేని పూట ఎవరు చూశారు గనక! అదీ మామూలు చుట్టా? అడ్డపొగ. వెలిగే కొస నోటి లోపల పెట్టుకుని, వెలిగించని కొస బయటికి ఉంచి పీల్చడం. చూసేవాళ్ళకి ఏదో పుల్ల కొరుకుతున్నట్టే ఉంటుంది, నిప్పంతా లోపలే. ఆ నిప్పు నోట్లో ఉండగానే వంట, ఆ నిప్పుతోనే కొళాయి దగ్గర తగువులు. పక్క సందులోని బెంగాలీ పిల్లలు గుమ్మంలో నిలబడి మరీ చూసేవారు.

చేసే పనికి కూడా అదే అనువుగా ఉండేది. పక్క పేట మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర నుంచి చొక్కాలు మూటలుగా వచ్చేవి, వాటికి బొత్తాలు కుట్టి ఇవ్వాలి. బీడీ కాలుస్తూ కుట్టే వాళ్ళ చొక్కాల మీద నిప్పురవ్వ పడి చిల్లులు పడేవి, దర్జీలు వచ్చి నానా మాటలూ అనేవారు. దాలమ్మ కుట్టిన చొక్కా మీద బూడిద నలుసైనా ఉండేది కాదు. మరి ఆ బూడిదంతా ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఆలోచించలేదు.

ఈ విద్య నేర్పింది అత్త జగ్గమ్మ. కాపురానికొచ్చిన కొత్తలో దాలమ్మకి ఈ ఊరు బొత్తిగా పడలేదు. మాట తెలియదు, నీళ్ళు పడవు, పొద్దున్నే రేవులో ఓడలు కూస్తే ఉలిక్కిపడేది. గోడకి తిరిగి కూర్చుని ఒకటే ఏడుపు. రెండు మూడు రోజులు చూసి జగ్గమ్మ తన చుట్టని సగానికి విరిచి కోడలి చేతిలో పెట్టింది.

"నోట్లో ఎట్టుకోయే గుంటా. నిప్పు లోపలికుండాల. నోట్లో నిప్పుంటే ఏడుపెలాగొస్తాదో సూద్దుము!"

నిజంగానే రాలేదు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళు కారు, జతగత్తెలు. సాయంత్రం కరెంటు పోగానే ఇద్దరూ గుమ్మంలో చేరి, ఊళ్ళో వాళ్ళందరి మంచీ చెడ్డా తిరగేసేవారు. వాళ్ళ మధ్య కూర్మయ్యకి చోటుండేది కాదు. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. రేవులో మూటలు మోసి, యూనియన్ వాళ్ళ ఊరేగింపులో నడిచి, ఇంటికొచ్చి బుద్ధిగా టీ తాగేవాడు. "మీ ఇంట్లో మగవాడెవరు దాదా?" అని తోటివాళ్ళు ఆట పట్టిస్తే, "నాకు తెలిస్తే సెప్పనా?" అనేవాడు. అంత మంచివాడు.

జగ్గమ్మ అంగిలికి పుండు పడి పోయింది. ఆ జబ్బు పేరు బస్తీలో ఎవరూ పైకి అనలేదు. వయసు మీరింది, కాలం తీరింది అన్నారు. అత్త పోయిన కొన్నాళ్ళకే, పులుసు తింటుంటే దాలమ్మ అంగిలి భగ్గుమంది. కూర్మయ్య ఆ మాట వినగానే కంచం వదిలి లేచి ఆమెను ఆసుపత్రికి లాక్కుపోయాడు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, చిన్న వయసు. దాలమ్మ నోట్లోకి టార్చి వేసి చూసి, అంగిలంతా తెల్లటి మచ్చలేమిటని అడిగింది. కూర్మయ్య వచ్చీరాని బెంగాలీలో చెప్పి, చేత్తో చూపించాడు. ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"ఉల్టో?" అంది. నిప్పు లోపలికా అని.

"ఉల్టో, దిదీ."

ఆవిడ టార్చి ఆర్పేసి, ఇవి ఇంకా మచ్చలే, ఈ రోజే మానేస్తే మచ్చలుగానే పోవచ్చు, మానకపోతే పుండవుతుంది, ఆ తరవాత నేను చెయ్యగలిగింది తక్కువ అంది.

"మాయత్తకొచ్చినదేనా?" అని దాలమ్మ మొగుణ్ణి తెలుగులో అడిగింది. కూర్మయ్య ఆ ప్రశ్నని డాక్టరమ్మకి చెప్పలేదు. అతని మొహం చూశాక దాలమ్మకి జవాబు అక్కర్లేకపోయింది.

సరే, మానేసింది. మానడం ఒక ఎత్తు, మానేసి ఉండడం ఇంకో ఎత్తు. ఆ ఏడాది జగ్గమ్మ సంవత్సరీకం వచ్చింది. వీళ్ళలో ఆ రోజున విస్తరి వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. జగ్గమ్మకి ఇష్టమైంది ఏమిటో బస్తీలో చంటిపిల్లకి కూడా తెలుసు. అయితే చుట్ట ఊరికే పెడితే చాలదు, ముట్టించి పెట్టాలి. పొగ లేస్తేనే పెద్దలకి అందుతుందని నమ్మకం. ముట్టించాల్సింది ఇంటి కోడలు. ఆడపడుచు కాసులమ్మ పెళ్ళై వేరే ఇంటిపేరుకి పోయింది కాబట్టి ఆమె చెయ్యి పనికిరాదు. పాపం దాలమ్మ భక్తిగా చుట్ట నోట పెట్టి ముట్టించింది. ఒక్క దమ్మే అనుకుంది. నాలుకకి అలవాటు పోతుందా? దానంతట అదే చుట్టని లోపలికి తిప్పేసింది. దుర్గా పందిళ్ళు లేచే నాటికి ఆమె మళ్ళీ గుమ్మంలో కూర్చుని హాయిగా అడ్డపొగ పీలుస్తోంది.

కూర్మయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక సాయంత్రం ఆమె పక్కన, తన తల్లి కూర్చునే చోట కూర్చున్నాడు.

"ఒలే దాలీ! ఆకర్రోజుల్లో అమ్మ తల ఒళ్ళో ఎట్టుకున్నది నాను, సెంచాతో గెంజి పోసినది నువ్వు. రేపు నీ తలా ఒళ్ళో ఎట్టుకుంటాను, దానికేటి. మరి గెంజి ఎవులు పోస్తారే?"

దాలమ్మ నోట్లోని చుట్ట తీసి మురిక్కాలవలోకి విసిరేసింది.

ఈసారి మానడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలియాలి. అందరికీ పొగ కావాలనిపిస్తుంది, ఆమెకి నిప్పు కావాలనిపించేది. "అంగిలికి సలేస్తంది మావా" అని గోలపెట్టేది. మే నెల ఉడుకులో, ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, అంగిలికి చలట! కూర్మయ్య నవ్వలేదు. సందు చివర కొట్లో పొగలు కక్కే టీని మట్టి కప్పులో పోయించుకుని, తువ్వాలు కప్పి పరుగున తెచ్చేవాడు. డాక్టరమ్మకి ఆ సంగతి తెలిసి అంత వేడీ వద్దంటే గోరువెచ్చని నీళ్ళూ లవంగమూ మొదలుపెట్టాడు. చుట్టలమ్మే పున్నమ్మ గంప ఎత్తుకుని సందులోకి రాగానే దాలమ్మ లోపలికి పోయి తలుపేసుకునేది. "ఏటే, నానేటి మసూచికాన్నా?" అని పున్నమ్మ బయట నుంచి తిట్టిపోసేది. "అంతకన్నా ఎక్కువే తల్లీ, ఎల్లిపో!" అని లోపల నుంచి జవాబు. చిరాకు పట్టలేక చొక్కాలకి బొత్తాలు ఎంత బిగించి కుట్టేదంటే, ఇవి ఊడదియ్యాలంటే కత్తెర కావాలని దర్జీ మెచ్చుకున్నాడు.

ఏడాది తిరిగింది, రెండో సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు బంద్. బస్సుల్లేక కాసులమ్మ మెటియాబ్రుజ్ నుంచి ఎండలో నడిచి వచ్చింది, మండిపడుతూ వచ్చింది. పున్నమ్మ గంపలోకెల్లా మంచి చుట్టని కొంగున కట్టుకుని తెచ్చి, విస్తరి పక్కన పెట్టి, అగ్గిపెట్టె దాలమ్మ ముందుకి తోసింది.

"ముట్టించు."

"నానొల్లను వదినా. నన్నొదిలీ."

"ఒక్క దమ్ముకి సచ్చిపోతావేటి? ఏడాదికొక్కపాలి మాయమ్మకి సుట్ట పెట్టనేవా? నిన్ను కూతురికన్నా ఎక్కువ సూసినాది!"

ఈ మాట దాలమ్మకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కూర్మయ్య గబుక్కున చుట్ట అందుకున్నాడు. "కొడుకుని నానున్నాను, నాను ముట్టిస్తాను" అని నోట్లో పెట్టుకుని పుల్ల గీసి గట్టిగా పీల్చాడు. అంతే! గుడ్లు తేలేసి, దగ్గి దగ్గి గోడ పట్టుకున్నాడు. చుట్ట కాస్తా ఆరిపోయింది. అంత కోపంలోనూ కాసులమ్మకి నవ్వొచ్చింది.

"సాల్లేరా కూర్మా! ఇలాటి సుట్ట అమ్మ ముట్టదు. ఒసే దాలమ్మా, నువ్వే."

దాలమ్మ చుట్ట తీసుకుంది. కాస్త అంటుకుని ఆరిన పొగాకు వాసన గుప్పున కొట్టింది. నోరంతా నీళ్ళూరాయి. కావాలనిపించింది, అబ్బ, ప్రాణం లాగేసేంత కావాలనిపించింది. ఒక్క దమ్ము చాలు, అత్తకి అందుతుంది, వదినకి కోపం పోతుంది. అగ్గిపుల్ల గీసింది. కూర్మయ్య ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. విస్తరి ముందు కూర్చున్న దాలమ్మకి, దాని అవతల అత్త కూర్చున్నట్టే అనిపించింది, అయితే గుమ్మంలో కబుర్లు చెప్పే అత్త కాదు, ఆఖరి నెలల అత్త. పుల్ల వేలిదాకా కాలి చురుక్కుమంది. కింద పడేసింది.

"వదినా" అంది. "ఆకర్రోజుల్లో అత్త సుట్ట అడగనేదు. ఒక్క దినమూ అడగనేదు. ఏటడిగినాదో నీకెరికా? ఎండు మెత్తళ్ళు. ఎండు మెరపకాయలేసి ఏపిన మెత్తళ్ళు. దినామూ అడిగినాది, సిన్నపిల్లలాగ సెయ్యట్టుకుని అడిగినాది. ఉప్పుగల్లు తగిల్తేనే కెవ్వుమనే నోరు వదినా అది, నానెలా ఎట్టీది? రేపెడతానత్తా, రేపెడతానత్తా అని గెంజి పోసినాను. ఆ నోటిని అలా సేసినది ఈ సుట్టే. దీన్నట్టుకెళ్ళి మళ్ళీ ఆవిడ నోటికే ఎట్టమంటావేటి?"

తల్లికి పుండు పడిందని కాసులమ్మకి తెలుసు గానీ, ఈ ఎండుచేపల సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. కూర్మయ్యకి తెలుసు. తల్లి తల ఒళ్ళో పెట్టుకుని విన్నవాడు అతనే. అతను చుట్టని దాలమ్మ చేతిలోంచి తీసుకుని బయటికి పోయి, కాలవలో పడేసి వచ్చాడు.

దాలమ్మ పొయ్యి రాజేసి, పక్కింటి వాళ్ళ దగ్గర ఎండు మెత్తళ్ళు అడిగి తెచ్చి, మూకుట్లో మిరపకాయలు విరిచి పోసింది. ఆ ఘాటుకి సందు సందంతా తుమ్మింది, బంద్‌కి ఇంట్లో ఉన్నవాళ్ళందరూ కిటికీల్లోంచి అరిచారు. కాసులమ్మ కూడా పొయ్యి దగ్గరికి వచ్చి, "కారం సాలదు, అమ్మకి సాలదు" అంటూ ఏడుస్తూనే ఇంకో గుప్పెడు వేసింది. మెత్తళ్ళు ఎర్రగా, కరకరలాడుతూ జగ్గమ్మ విస్తట్లో పడ్డాయి. అందరూ దండం పెట్టుకుని, కాసేపు తలుపు దగ్గరగా వేసి బయట కూర్చున్నారు. పెద్దలు తినేటప్పుడు ఎవరూ చూడకూడదు.

దాలమ్మ గుమ్మంలో కూర్చుంది. లవంగం నోట్లో వేసుకుంది. అంగిలికి చలి వేస్తూనే ఉంది, ఇంకెన్నాళ్ళు వేస్తుందో తెలియదు. పక్కనున్న ఖాళీ చోటు వైపు కొంచెం వంగి, మూసిన తలుపు అవతలికి వినబడేలా మెల్లిగా అంది:

"కోపమెట్టుకోకు అత్తా. ఒక్కద్దాన్నీ మాననేకపోతన్నాను. నాతో పాటు నువ్వూ మానీ."