గడియ ఏ వైపున

ముడి అత్త అన్న పేరుకు వీధివాళ్ళు రెండు కారణాలు చెప్పుకునేవారు: ఆమె చేతిలో ఉన్ని చిక్కుపడదు, ఆమె నొసటి ముడి విడదు. రెండోది కూతురు పోయాక వచ్చింది. ఫ్యాక్టరీ ప్యాకింగ్ గదికి నిప్పంటుకున్న నాడు తలుపు తెరుచుకోలేదు. పని ఎగ్గొట్టి కబుర్లాడుకోవడానికి ఆడపిల్లలే లోపల గడియ పెట్టుకున్నారని యాజమాన్యం చెప్పింది. విచారణ ముగిసింది. ముగిసిందంటే నిజం తేలిందని కాదు, అడిగేవాళ్ళ నోళ్ళు అలిసిపోయాయని.

పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి తలా ఒక చదరం అల్లి, అన్నీ కలిపి దుప్పటిగా కుట్టి కార్మిక సంఘం హాల్లో వేలాడదీద్దామని అత్త తమ్ముడు అందర్నీ కూడగట్టాడు. అత్త ఆ తలుపునే ఎంచుకుంది. బయటి నుంచి చూస్తే నల్ల తలుపు, దాని మీద తెల్ల గడియ. ఆమెకు తెలిసింది జంట అల్లిక: ఒకే జత సూదుల మీద రెండు పొరలు కలిసి పెరుగుతాయి. ఈ వైపు నల్ల కుట్టు పడితే ఆ వైపు తెల్లది, ఇటు తెల్లదైతే అటు నల్లది. దాచుకోవడానికి వెనక వైపంటూ ఉండదు.

పని ముగించి, ఆనాడు వెంటిలేటర్ లోంచి లాగితే బతికిన, పొట్టి అని అందరూ పిలిచే పిల్లకు చూపించింది. కూతురి స్నేహితురాలు. పొగ తిన్న గొంతు ఇంకా బొంగురే. నీ పనిలో తప్పు పట్టాలంటే కళ్ళద్దాలు చాలవు, కక్ష కూడా ఉండాలని నవ్వుతూ చదరాన్ని తిరగేసింది. నవ్వు ఆగిపోయింది.

"లోపలివైపు గడియ ఎక్కడిదత్తా?"

తెల్ల తలుపు మీద నల్లగా, స్పష్టంగా ఉంది గడియ. యాజమాన్యం నోటితో ఆడిన అబద్ధాన్ని అత్త చేతులు శుభ్రంగా అల్లిపెట్టాయి. అత్త కొస దొరకబుచ్చుకుని దారం లాగింది.

తమ్ముడు తల పట్టుకున్నాడు. గోడకు వేసే దుప్పటిని ఎవరు తిరగేసి చూస్తారని వాదించాడు.

"విచారణలోనూ అదే అనుకున్నార్రా," అంది.

ఈసారి గడియ దగ్గర అల్లిక నియమాన్నే తప్పింది: ముందు తెలుపు, వెనకా తెలుపే. అక్కడ పనిలేని నల్లదారం రెండు పొరల నడుమ కనపడకుండా సాగాలి; కాస్త బిగిస్తే గుడ్డ ముడుచుకుపోతుంది. ముడుచుకుపోయింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ అల్లింది. చివరికి బయటివైపు గడియ నిలిచింది. లోపలివైపు మిగిలింది ఉత్త తెల్లటి తలుపు.

చదరాలు కలిపి కుట్టేనాడు తమ్ముడు దాన్ని గడియ కనిపించేలా పరిచాడు. సాక్ష్యం ఇదే కదక్కా అన్నాడు. అత్త తిరగేసి పెట్టింది.

"లోపలున్న పిల్లలకు కనిపించింది ఇదిరా."

దానివల్ల విచారణ మళ్ళీ తెరుచుకోలేదు. హాలుకు వచ్చినవాళ్ళు పువ్వుల చదరాలను మెచ్చుకున్నారు. ఇది ఖాళీగా ఎందుకు వదిలేశారని ఒకరిద్దరు అడిగారు. పొట్టి మాత్రం దాని ముందే ఆగిపోయింది. తెల్లటి ఉన్ని మీద రెండు అరచేతులూ ఆనించి, బలం కొద్దీ తోసింది. వెనక ఉన్నది గోడే.