తెల్లబూట్లకు పూసిన సున్నం

ఎవరింట్లోనైనా గోడలకు సున్నం వేస్తుంటే నేను ఆ వీధిలోకి పోను. వాసన పడదని చెబుతాను. అబద్ధం, అది భయం. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేక లోలోపలే మోస్తున్నాను. మీకైతే చెప్పగలనేమో.

పెద్దకడుబూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చిన కొత్త. మా మరిది మర్నాడు పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్షలో పరుగెత్తాలి. అతని తెల్ల గుడ్డబూట్లు నల్లరేగడి మట్టితో గట్టిపడిపోయాయి. ఉతికి నామపు సుద్ద పూయమని అత్త చెప్పింది. ఆ సుద్దగడ్డ నా చేయి జారి మురుగుకాలువలో పడింది. చెబితే ఏమంటుందో? పాలు పొంగిపోయినందుకే ఒకసారి పుట్టింటికి పంపుతానంది. గోడలకు కలిపిన సున్నం కుండలో మిగిలి ఉంది. తెలుపు తెలుపే కదా అనుకున్నాను. కుంకుడు రసంతో రుద్ది ఉతికి, లోపలి మరకలు కూడా కనబడకుండా లోపలా బయటా పూశాను.

ఆరాక బూట్లు తళతళలాడాయి. అత్త మెచ్చుకుంది. సాయంత్రానికి నా వేళ్లు మండి తోలు లేచింది. అప్పుడైనా ఆలోచించానా? ఆలోచించాను. వేళ్లకే ఇలాగైతే పాదాలకేమవుతుందో తెలిసీ, వాటిని గడప దగ్గర పెట్టాను.

మర్నాడు మరిదిని ఇద్దరు పట్టుకుని తెచ్చారు. చెమటకు సున్నం నాని పాదాలు పుండ్లయ్యాయి. పరుగు సగంలోనే కూలబడ్డాడట. ఉద్యోగం పోయింది.

"ఎవురు ఉతికినారు వీటిని?" అత్త అడిగింది.

"మరియమ్మ," అన్నాను.

మరియమ్మ మా ఇంట్లో అంట్లు తోమే మనిషి. అప్పుడు పెరట్లోనే ఉంది.

"నేను ముట్టలేదమ్మా. సిన్నమ్మనే అడగండి."

వేళ్లు కొంగులో దాచుకున్నాను. పొద్దున గిన్నెలు అందుకుంటూ మరియమ్మ ఆ వేళ్లు చూసి, ఏమైందని అడిగింది కూడా. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. నా మీద జాలిపడిందా? చెప్పినా తనను నమ్మరనుకుందా? రెండోదే అయి ఉంటుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె మాట నమ్మరన్న ధైర్యంతోనే నేను తన పేరు చెప్పాను. ఆ పూటే ఆమెను పనిలోంచి తీసేశారు. మా వీధిలో మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు.

ఎమ్మిగనూరుకు పోయి బతుకుతోందని తర్వాత విన్నాను. బస్సెక్కితే పోయి చూడొచ్చు. ఒక్కసారీ పోలేదు. అత్త లేదు, మరిది లేడు, నన్ను పుట్టింటికి పంపేవాళ్లెవరూ లేరు. మరి ఇంకా ఎవరికి భయపడుతున్నాను?

బూట్లు ఉతికింది నేను. సున్నం పూసింది నేను. మరియమ్మ ముట్టలేదు.