చదవకుండా అన్న ఆమెన్

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ఇద్దరంటేనే హడలు: ఆఫీసులో మా టీమ్ లీడ్, ఇంట్లో మా పెద్దమ్మ. ఇద్దరిలో లీడే కొంచెం నయం, ఆవిడ మీటింగ్ ఎప్పుడో ఒకప్పుడు ముగిసేది. మా పెద్దమ్మ ప్రార్థనకు అలాంటి పట్టింపులేమీ లేవు. నల్లగండ్లలో ఆవిడ ఫ్లాట్‌లో ఉంటూ హైటెక్ సిటీకి వెళ్ళేవాణ్ణి. పొద్దున ఏడింటికి చాప మీద మోకరించామంటే, ఆవిడ దేశాన్నేలే నాయకులతో మొదలుపెట్టి, పాస్టరుగారి గొంతునొప్పి, అపార్ట్‌మెంట్ బోరు, లిఫ్టు (అది నెలలో సగం రోజులు ప్రార్థనల మీదే నడిచేది) అన్నీ వరసగా దేవుడికి అప్పజెప్పేది. నేను కళ్ళు మూసుకుని ఆఫీసు పనులు తలుచుకునేవాణ్ణి. ఆవిడ ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా, ఇక ముగించు తల్లీ అన్నట్టు గట్టిగా "ఆమెన్" అనేవాణ్ణి. ఆవిడేమో వీడికి భక్తి కుదిరిందనుకుని ఇంకో పది నిమిషాలు పొడిగించేది. ఏం చెప్పమంటారు!

ఒక గురువారం పది గంటలకు క్లయింటుకు డెమో. నేనే చూపించాలి. అది బాగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తామని లీడ్ చెప్పింది. ఆ పొద్దున షూ లేసు కట్టుకుంటుంటే గుమ్మంలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, ఆయన భార్య. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"పోదామా సారూ?" అంది ఆమె. "దవాఖానకు మీరు తీస్కపోతరని అమ్మ చెప్పింది."

"నాకేం గాలే, గ్యాసే. సారును పరేషాన్ చెయ్యకు," అని ఆయన గొణిగాడు.

పెద్దమ్మ వైపు కొరకొరా చూశాను. "నేనెప్పుడన్నాను?"

"నిన్న ప్రార్థనలో. 'ప్రభువా, రేపు పొద్దున్నే మా అబ్బాయి ఈయన్ని దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్తాడు' అన్నాను. నువ్వు ఆమెన్ అన్నావు. కప్పు లేచిపోయేలా."

"ఊరికే అన్నాను పెద్దమ్మా!"

"ఊరికే అనే మాటట్రా అది? ఆమెన్ అంటే 'అలాగే జరగాలి' అని. దేవుడి ముందు సంతకం పెట్టడం. చదవకుండా పెట్టావా, ఆ తప్పు నీది."

"క్యాబ్ బుక్ చేసి పంపిద్దాం."

"క్యాబ్ వాడన్నాడా ఆమెన్? నువ్వన్నావు. ఈయన మొండిఘటం, మదీనాగూడ సిగ్నల్ దగ్గర దిగి వెనక్కొచ్చేస్తాడు. ఇప్పటికి రెండుసార్లయింది."

ఒళ్ళు మండిపోయింది. క్యాబ్ పిలిచి ఆ ఇద్దర్నీ కూర్చోబెట్టి, నేనూ ఎక్కి, దారి పొడవునా పెద్దమ్మనీ, ట్రాఫిక్‌నీ, ఏ పాపమూ ఎరగని నా నోటినీ (దానిదే పాపమంతా) తిట్టుకుంటూ వెళ్ళాను. అరగంటలో వచ్చేద్దామనుకున్నాను. డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి మరో మాట లేకుండా ఆయన్ని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళిపోయాడు. గ్యాసు కాదు. జేబులో ఫోను మోగుతూనే ఉంది, టైము పదీ పది. వాచ్‌మన్ భార్య నా చెయ్యి పట్టుకుంది. "సారూ, నాకు భయమైతుంది. అమ్మ లెక్క జర ప్రార్థన చెయ్యుండ్రి." ఆమె ఏనాడూ చర్చి గడప తొక్కిన మనిషి కాదు. రోజూ మోకరించే నాకేమో ఒక్క వాక్యం రాలేదు. "తండ్రీ, ఈయన్ని ఇంటికి పంపించు. ఈమె ఒక్కతే ఉంది," అన్నాను. ఇంకేమీ తోచలేదు. ఆమె చివరిదాకా విని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మెల్లగా "ఆమెన్" అంది. ఆ మాట ఎలా అనాలో నాకు అప్పుడే తెలిసింది.

ఆయన వారం తర్వాత ఇంటికొచ్చాడు. నా ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆ సంగతి విని పెద్దమ్మ, "పనిలో పనిగా నీ ఉద్యోగం మాట కూడా దేవుడి చెవిన వెయ్యకపోయావా?" అంది. పళ్ళు నూరుకున్నాను. నిజానికి ఆ సంగతి నాకు గుర్తే రాలేదు. ఇప్పుడు నేనూ చాలా పెద్ద ప్రార్థనలే చేస్తున్నాను, ప్రమోషన్ నుంచి పిల్లల సీట్ల దాకా అన్నీ ఉంటాయి. నాకోసం ఏమీ అడగని ప్రార్థన మాత్రం ఇన్నేళ్ళలో ఆసుపత్రిలో చేసిన అదొక్కటే, అంత పొట్టిది మళ్ళీ కుదరలేదు.