బాపు లెన్సులో మేనత్త

మర్రిగూడలో ఫొటో అనగానే అందరం పెదాలు మూసుకుంటాం. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన పళ్లు మావి, గోధుమరంగు చారలు పడి ఉంటాయి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ మా పళ్లు మారవు కదా. మా ఇంటి పెళ్లి ఆల్బముల్లో అందరూ ఎవరి మీదో అలిగినట్టే ఉంటారు.

ఆ పెళ్లి ఫొటోలన్నీ తీసింది మా నాన్నే, నేను బాపు అనేవాణ్ని. ఆయన పోయాక పాత రీలు కెమెరా పాడైంది, లెన్సు మాత్రం బాగానే ఉంది. రెంటినీ కలిపే ఒక రింగు తెప్పించి ఆ లెన్సును నా డిజిటల్ కెమెరాకు బిగించాను. దాంతో ఫోకస్ దానంతటదే కుదరదు, బొమ్మ తేటపడేదాకా చేత్తో తిప్పాలి. నాకంత ఓపిక లేదు.

మొదట మేనత్తను వాకిట్లో కూర్చోబెట్టాను. అలవాటుగా మూతి బిగించింది. నేను తిప్పడం, బొమ్మ దాటిపోవడం, మళ్లీ వెనక్కి తిప్పడం.

“ఇంకెంతసేపురా? మూతి గుంజుతాంది.”

“జర ఆగు అత్తా.”

“మీ బాపు గూడ గిట్లనే. పెండ్లోళ్లు బువ్వకు లేస్తుండె, ఆయన ఇంకా తిప్పుతనే ఉంటుండె,” అంటూ పకపకా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఫోకస్ కుదిరింది. నొక్కేశాను.

తెర మీద ఆమె తన పళ్లు చూసుకుంది. తీసేయమంటుందనుకున్నాను. కెమెరా నా చేతిలోంచి తీసుకుంది.

“ఇగ నువ్వు కూసో.”

కూర్చున్నాను. నా పెదాలు వాటంతటవే మూసుకున్నాయి. ఆమె నన్ను చూస్తూ నింపాదిగా లెన్సు తిప్పడం మొదలుపెట్టింది.

“నాకేం తొందర లేదు,” అంది.