పెనుకొండ దిగిన విధం

మా ఇంట్లో ఏ తలుపూ కిర్రుమనదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఫిర్యాదు చేస్తున్నాను. నలుగురున్న ఇంట్లో తలుపు కాస్త చప్పుడు చేస్తేనే మనిషికి మర్యాద. ఎవరో వస్తున్నారని తెలిస్తే, చదువుతున్న వారపత్రికను అకౌంటెన్సీ పుస్తకం కింద దాచుకోవడానికి రెండు క్షణాలు దొరుకుతాయి. నా డిగ్రీ చదువు మూడేళ్లలో ఆ రెండు క్షణాలు ఒక్కసారీ దొరకలేదు.

కారణం మా అవ్వ, నాయనను కన్నతల్లి. శనివారం పొద్దున్నే ఒక చేతిలో శెనక్కాయల నూనె గిన్నె, ఇంకో చేతిలో కోడి ఈక పట్టుకుని ఇల్లంతా తిరిగేది. తలుపుల మడతబందులు, బావి గిలక, కుట్టుమిషను, నాయన మడతకుర్చీ, అన్నిటికీ ఈకతో ఒక రాత. అవ్వ పుట్టిల్లు రొళ్ల దగ్గర బండ్లు తోలే ఇల్లు. బండి కదిలే ముందు ఇరుసుకు కందెన పెట్టకుండా వాళ్లు ఊరు దాటేవాళ్లు కారట. బండి ఏడుస్తూ పోతే చూసేవాళ్లు ఇంటివాళ్లను చూసి నవ్వుతారని ఆమె భయం. ఆ ఇంట్లో బండ్లు పోయి యాభై ఏళ్లయినా, ఆమె చేతిలో ఈక మాత్రం పోలేదు.

ఈ సంగతి ఇక్కడ ఆపి నా భయం గురించి చెబుతాను.

నాకు ఎత్తంటే భయం లేదు. పల్లమంటే భయం. దీనికి పుట్టుక ధర్మవరంలో. నాయన రైల్వేలో గార్డు కాబట్టి తొంభైల్లో మేము ఆ ఊళ్లో ఉండేవాళ్లం. ఎనిమిదో తరగతిలో ఒక ఆదివారం గంట బాడుగకు సైకిలు తీసుకున్నాను. దానికి బ్రేకులుండేవి కానీ, అవి అలంకారానికి. ఆ విషయం నాకు ఒక వాలులో, సగం దిగాక తెలిసింది. వాలు చివర నేతగాళ్ల వీధి. ఆరోజు వీధి పొడవునా పట్టు పడుగు సాగదీసి ఉంది. చిలకాకుపచ్చ రంగు, వేల పోగులు, ఒక్కొక్కటీ వెంట్రుక కంటే సన్నం. రెండు వైపులా మనుషులు నిలబడి పోగులు సరిచేస్తున్నారు. నన్ను చూసి అందరూ ఒకేసారి "ఆపరా! రేయ్, ఆపరా!" అని కేకలు పెట్టారు. ఆ సమయంలో ఆపడం తప్ప నాకు ఇంకే కోరికా లేదు.

పడుగుకు రెండు గజాల ముందు కాలవలో పడ్డాను. పెద్దాయన ఒకాయన పరుగున వచ్చి ముందు పడుగును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"పోగు తెగలేదులే. అదృష్టం ఉండాది నీకు" అన్నాడు.

నా ముందుపన్ను సగం ఆ కాలవలోనే ఉండిపోయింది. ఆ పన్ను గురించి నాకు పెద్దగా బాధ లేదు. కానీ 'ఆపరా' అన్న ఆ కేకలు మాత్రం చెవిలోంచి పోలేదు. అప్పటి నుంచి సైకిలెక్కితే నా ఎనిమిది వేళ్లూ బ్రేకుల మీదే. సమతలం మీద కూడా.

ఇంత చరిత్ర ఉన్న మనిషి కొండ మీద సైకిల్ పందెంలోకి ఎలా పోయాడంటే, స్నేహితుడి వల్ల. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు నేను హిందూపురంలో గుమాస్తాను. పొట్ట తగ్గుతుందని గేర్ల సైకిలు కొన్నాను, లావు టైర్లది. నాతో కాలేజీలో చదివినవాడు పెనుకొండలో ఒక బడిలో డ్రిల్ సారు. బెంగళూరు నుంచి కొందరు సైకిలు పిచ్చివాళ్లు వచ్చి పెనుకొండ కొండ మీద పందెం పెడుతున్నారని, ఏర్పాట్లు తనవేనని ఒకరోజు ఆఫీసుకొచ్చి చెప్పాడు. బాగుందన్నాను.

"నీ పేరు రాపిచ్చినా."

"ఎందుకప్పా?"

"ఈ పక్కోళ్లు ఎనిమిది మందన్నా ఉండల్లంట. ఏడుమంది కుదిరినారు."

"నేను కొండ దిగలేనబ్బా."

"దిగేదానికేముండాది? ఎక్కేదే కష్టం. పైన కూర్చుంటే అదే దిగుతాది."

నా భయం కూడా సరిగ్గా అదేనని చెప్పాను. వాడు నవ్వి, టీ తాగి, వెళ్లిపోయాడు. హాస్యమాడేవాడన్న పేరుంటే వచ్చే కష్టమిది. మనిషి వణుకుతున్నా జోకనుకుంటారు.

ఆ పదిరోజులు నేను సరిగా తినలేదు. ఫైళ్ల మీద సంతకం చేస్తుంటే కూడా చేయి బ్రేకు పట్టుకున్నట్టు బిగిసేది. నా ఆశయం ఒక్కటే: చివరగా వచ్చినా సరే, దిగే దారిలో మొదటి నుంచి చివరి దాకా బ్రేకు వదలకూడదు, మిగిలిన పళ్లతో ఇంటికి రావాలి. శనివారం సాయంత్రం కొత్త బ్రేకు దిమ్మలు వేయించాను. నాయన రిటైరైనా గార్డు గార్డే. మా వీధిలో నన్ను ఏడుసార్లు తొక్కించి, ఏడుసార్లు ఆపించి, ఎన్ని అడుగుల్లో ఆగిందో కొలిచాడు.

"పనికొస్తాది. పోయి రా" అన్నాడు.

ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

ఆదివారం తెల్లారి నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో సైకిలు పెళ్లికూతురిలా ఉంది. హ్యాండిలుకు చామంతి దండ, సీటుకు పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. అవ్వ ఈక తుడుచుకుంటూ, "చెయిను అరుస్తాండె. పెట్టినాలే" అంది. చెయినుకు నూనె మంచిదే. కాళ్లకు దండం పెట్టి, సైకిలును బస్సు టాపు మీద వేయించుకుని పెనుకొండ చేరాను.

మొదలు పెట్టే గీత దగ్గర బెంగళూరువాళ్లు తేలిక హెల్మెట్లు పెట్టుకుని, కాళ్లు చాపుతూ వంచుతూ ఉన్నారు. నాకు డ్రిల్ సారు తన మోటారుసైకిలు హెల్మెట్ పెట్టాడు. లోపల నా ఊపిరి నాకే ఎవరో తరుముతున్నట్టు వినిపించింది. బ్రేకు పిడులు రెండూ నొక్కి చూశాను. గట్టిగానే తగిలాయి. దిమ్మ రిమ్ముకు తగలడం వేరు, ఆపడం వేరని ఆలోచించే స్థితిలో లేను.

ఎక్కడం గురించి చెప్పడానికేమీ లేదు. అందరూ తొక్కారు, నేను ఎక్కువగా తోశాను. కోట గోడ పక్కన రాళ్లబాట, తంగేడు పొదలు, ఎండ. పైన చదునుగా ఉన్న చోట నీళ్లు తాగి చూస్తే నా వెనక ఒక్కడే ఉన్నాడు. వాడికి పంక్చరు. నా పథకం చక్కగా నడుస్తోంది.

అక్కడి నుంచి దారి అవతలి వైపుకు దిగుతుంది. కింద చేలు అగ్గిపెట్టెలంత కనబడుతున్నాయి. ఎనిమిది వేళ్లూ బిగించి, దేవుణ్ణి తలచుకుని, ముందుచక్రాన్ని వాలులోకి వదిలాను.

బ్రేకు పట్టింది. పట్టి, చాలా మర్యాదగా, మెత్తగా జారింది.

ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా మెత్తగా జారింది. సైకిలు ఒక్క చప్పుడైనా చేయలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలిసినదే కానీ, ఎక్కడ తెలుసో గుర్తు చేసుకునే తీరిక లేదు. చెప్పుకాలు నేలకానిస్తే చెప్పు పోయింది. దూకుదామంటే ఎడమన లోయ, కుడిన బండలు. వేగం పెరిగే కొద్దీ చిన్నచిన్నవి మాత్రమే చాలా స్పష్టంగా కనబడ్డాయి: ఒక రాయి మీద ఆరిన మేకపెంట, ఒక పొదకు చిక్కిన నీలం దారం. పెద్దవేవీ కనబడలేదు. ఇక్కడ చచ్చిపోతాను అనుకున్నాను. ఊరికే అనుకోలేదు, నమ్మాను.

ముందు ఒక బెంగళూరు హెల్మెట్. "బ్రేకు లేదు!" అని అరిచాను. నా అరుపు నా హెల్మెట్‌లోనే తిరిగింది. అతన్ని దాటాను. ఇంకొకతన్ని దాటాను. తర్వాత లెక్క లేదు. మలుపులో బండల మీద కూర్చున్న ఊరివాళ్లు లేచి చప్పట్లు కొట్టారు.

"వాని గుండె చూడప్పా! బ్రేకే ముట్టుకోడు!"

కొండ కింద దారి రెండు రాతిగోడల మధ్యకు పోతుంది. ఆ సందులో ఒకామె తలమీద గడ్డిమోపుతో, వీపు నా వైపు పెట్టి, నింపాదిగా నడుస్తోంది. సైకిలుకూ మనిషికీ కలిపి అక్కడ చోటు లేదు. "పక్కకు పోమ్మా!" అని అరిచాను. ఆమెకు వినబడలేదు. ధర్మవరంలో నాకు వినబడింది కానీ, ఆపలేకపోయాను. ఇక్కడ ఆపమనే మనిషి కూడా లేదు.

గోడ మొదలయ్యే చోట కుడిపక్క చేను, చేనులో వామి. శెనక్కాయలు రాల్చుకున్నాక ఎండిన కట్టెను పశువుల మేతకు ఇంటెత్తున పేరుస్తారే, అది. హ్యాండిలు తిప్పాను. అంతవరకే గుర్తు.

కళ్లు తెరిస్తే అంతా దుమ్ము, మట్టి వాసన. వామిలో నడుము దాకా దూరిపోయి ఉన్నాను. నాలుకతో పళ్లు లెక్కపెట్టుకున్నాను. పాత లెక్కే ఉంది. గడ్డిమోపు ఆమె తల మీది మోపు దించకుండానే చేనులోకి వచ్చి నన్నూ వామినీ చూసింది.

"ఏమబ్బా, దావ ఇట్ల ఉండాది, నువ్వు అట్ల పోతివే? నిన్ననే వేసినామే వామి!"

క్షమించమన్నాను. ఆమెకు నేనేం తప్పించానో చెప్పలేదు. చెప్పినా వినేలా లేదు, ఆమె చూపంతా వామి మీదే ఉంది.

డ్రిల్ సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమప్పా! అందరికంటే ముందు వస్తాంటివి! ఇంకో ఫర్లాంగు ఉండాది, అంతే! వామిలోకి ఎందుకు దూరితివి?"

"బ్రేకు లేదబ్బా."

వాడు సైకిలు లేపి, రిమ్ము మీద వేలితో రాసి, వాసన చూశాడు. మళ్లీ చూశాడు. నా వంక చూసిన చూపులో స్నేహం కంటే అనుమానం ఎక్కువగా ఉంది.

"దీని మీద దోశెలు పోసినావా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆ నిశ్శబ్దం ఎక్కడిదో. మా ఇంటి తలుపులది.

మిగిలిన ఫర్లాంగు తోసుకుంటూ నడిచి, చివరగా వచ్చాను. పంక్చరువాడు కూడా నా ముందే చేరాడు. సాయంత్రం హిందూపురం బస్సు దిగి, సైకిలు పట్టుకుని ఒంటిచెప్పుతో ఇంటికొస్తే అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. పక్కన నాయన. నా జుట్టులో శెనక్కట్టె చూసి నాయన పేపరు మడిచాడు.

"అవ్వా, పొద్దున సైకిలుకు యాడయాడ నూనె పెట్టినావు?"

"రాసుకునే తావంతా పెట్టినా. చెయినుకు, ఇరుసులకు. ఆ నల్లటి రబ్బరు ముక్కలు నాలుగు చక్రాన్ని ఊరికే పట్టుకుంటాండె. వాటికి ఇంకా రెండు చుక్కలు ఎక్కువే పెట్టినా. తేలిగ్గా పోయిందా, లేదా?"

నాయన కళ్లు మూసుకున్నాడు.

"అవ్వా, ఆ రబ్బరు ముక్కలే బ్రేకులు. అవి పట్టుకుంటేనే సైకిలు ఆగేది. నేను ఆగలేక చచ్చిపోయేవాణ్ణి ఈ పొద్దు."

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చెప్పు లేని కాలు దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని అంది:

"ఆగేదానికి పెనుకొండ దాకా పోవల్లా? ఇంట్లోనే ఆగింటే అయిపోతాండె కదరా."