రైలు హోటల్ తాత తట్టిన తలుపులు

పక్క క్వార్టర్ తాత పోయాడన్న కబురు మాకెవరూ మోసుకురాలేదు. ఆ రోజు మా క్వార్టర్ల లైన్లో ఒక్కరికీ మెలకువ రాలేదు, ఫస్టు షిఫ్టుకు అందరూ ఆలస్యమయ్యారు. అలా తెలిసింది. పోతూ పోతూ కూడా మా డ్యూటీ చెడగొట్టే పోయాడు, మహానుభావుడు!

తాత వయసులో ఉన్నప్పుడు పట్నం నడిబొడ్డున, స్టేషన్‌కు ఎదురుగా రైలు కంపెనీ కట్టించిన పెద్ద హోటల్లో పనిచేశాడు. బండి టైముకు ముందే గది గదికీ వెళ్లి ముసాఫిర్లను లేపడం ఆయన పని. హోటల్ పోయింది, నౌకరీ పోయింది, గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసే కొడుకు దగ్గరికి చేరాడు. తట్టుడు మాత్రం పోలేదు. తెల్లారకముందే లైను లైనంతా తట్టేవాడు.

మా ఆయన సెకండ్ షిఫ్టు చేసి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరినా సరే, ఐదింటికి టక్ టక్. ఊరుకుంటే పోడు. నోటితో జవాబు చెప్పాలి.

“ఫోన్ల అలారం ఉన్నది తాతా! నీ కాల్మొక్త, జెర పండనియ్యి.”

“అలారం మోగుతది, ఊకుంటది బిడ్డా. జవాబు వచ్చేదాక తలుపు కాడ నిలబడ్తదా?”

లేపి ఊరుకుంటే భరించేవాళ్లం. లేచినవాళ్లకు హోటల్ చరిత్ర కూడా వడ్డించేవాడు. ఎత్తైన స్తంభాలు, కర్ర మెట్లు, వాటిమీద ఎర్ర తివాచీ. మొదట దొరలు దిగారట, తర్వాత జమీందార్లు, ఆ తర్వాత మంత్రులు. బండ్లు ఎక్కువై, జల్ది నడవడం మొదలయ్యాక రాత్రి ఆగే పనే లేకపోయింది. పెళ్లిళ్లకు కిరాయికిచ్చారు. కొన్నాళ్లు ఏవో ఆఫీసులు పెట్టారు. ఆఖరికి గబ్బిలాలు కాపురం పెట్టాయి. దాన్ని పడగొట్టాక ఇప్పుడక్కడ చీరల షాపట. ఈ కథ వింటూ నేను ఎన్ని చాయ్‌లు పొంగబెట్టుకున్నానో!

“మూసిన నాడు గూడ అన్ని గదులు తట్టిన బిడ్డా,” అన్నాడోసారి.

“ఖాళీ గదులు ఎందుకు తట్టినవ్?”

“ఎవలన్న పండుకొనే ఉంటే? పడగొట్టేటోళ్లు లేపుతరా?”

ఏమనాలి ఈ మనిషిని?

ఒకరోజు ఓపిక నశించి, లైన్లో ఆడవాళ్లమంతా వెళ్లి గట్టిగా చెప్పాం. తాత మూతి ముడుచుకున్నాడు. మర్నాడు తట్టలేదు. లైనంతా హాయిగా నిద్రపోయింది, ఫస్టు షిఫ్టు తప్పింది! ఎట్లాగూ తాత లేపుతాడని అందరూ అలారాలు పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు. సాయంత్రం నన్నే రాయబారానికి పంపారు.

“తాతా, రేపటి సంది తట్టు.”

“మొన్న కాల్మొక్త, పండనియ్యి అంటివి?”

“ఇయ్యాల గూడ కాల్మొక్త. లేపు!”

మొండివాడే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ మా లైన్లో ఎవరూ డ్యూటీ తప్పలేదు.

అందుకే లైనంతా ఆలస్యంగా లేచిన ఆ పొద్దున కూడా మళ్లీ అలిగాడనే అనుకున్నాను. ఈసారి తాడో పేడో తేల్చుకుందామని కొంగు బిగించి వెళ్లాను. గుమ్మంలో ఆయన కోడలు గోడకు తల ఆనించి ఏడుస్తోంది.

దినాలు అయిపోయాయి. అందరం బుద్ధిగా అలారాలు పెట్టుకున్నాం. నిన్న అది మోగకముందే నాకు మెలకువ వచ్చింది. ఎదురింట్లో లైటు వెలిగింది, మాకు రెండో వైపు పక్కింట్లోనూ వెలిగింది. తలుపు చప్పుడు లేదు. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. జవాబు చెప్పకపోతే అక్కడే నిలబడిపోతాడు కదా!

“లేచిన తాతా!” అన్నాను, గట్టిగానే.

గోడ అవతల పక్కింటామె కూడా అదే మాట అంది.